సోమవారం షష్ఠి

భార్య యాదలక్ష్మి పోయిన నాలుగో రోజున కూతురు సంతోషి ఆఫీసు పనిలో కూర్చుంది. దీని మీద బిక్షమయ్యకు వాదనేమీ లేదు. జరిగింది, కళ్లతో చూశాడు, అంతే. ఇంటి ముందు టెంటు కింద చుట్టాలు ఇంకా లేవలేదు, ఊరి నుంచి వచ్చిన ఆడవాళ్లు వంతులేసుకుని ఏడుస్తున్నారు, లోపలి గదిలో తల్లి పడుకునే మంచం మీదే లాప్‌టాప్ తెరుచుకుని, చెవులకు నల్ల డొప్పలు తగిలించుకుని, పిల్ల ఎవరికో ఇంగ్లీషులో సంజాయిషీ ఇస్తోంది. చావుకు వాళ్ల కంపెనీ ఇచ్చేది మూడు రోజులట. ఆ మూడూ అయిపోయాయట. అదే కంపెనీ, అదే పిల్ల, ఏడాది తిరక్కుండా పన్నెండు రోజులు దొరకబుచ్చుకున్నారు. వియత్నాంలో మోటారు సైకిలు మీద కొండలు తిరగడానికి, లావోస్‌లో పడవ వేసుకుని గుహల్లోకి పోవడానికి, చెట్టు నుంచి చెట్టుకు ఇనుప తీగ పట్టుకుని జారడానికి. ఇప్పుడు బిక్షమయ్య ఎల్‌బీ నగర్ మెట్రో మెట్ల ముందు, ఎయిర్‌పోర్టు బస్సు ఆగే చోట నిలబడి ఉన్నాడు. పక్కనే స్తంభం ఉన్నా ఆనుకోలేదు. ఆనుకుంటే ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. చొక్కా లోజేబులో సంతోషి పాస్‌పోర్టు ఉంది. అది చేతిలో పడితే గాని ఆ పిల్ల దేశం దాటలేదు. బస్సు మూడింటికి. ఇప్పుడు రెండు దాటింది. పొద్దున హాస్టల్ నుంచి ఫోన్ చేసి, నాయినా, జర అమీర్‌పేట దాంక తెస్తవా అంది. తేను అన్నాడు. కావాలంటే నువ్వే రమ్మన్నాడు. సంచులన్నీ మోసుకుని ఊరు ఆ చివరి నుంచి ఈ చివరికి రానీ. తల్లి కోసం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకుంటూ రానీ.

పాస్‌పోర్టుతో పాటు అతని దగ్గర ఒక మాట ఉంది. రెండు నెలలుగా పళ్ల వెనక దాచిన మాట. వచ్చే సోమవారం యాదలక్ష్మి ఏడాది. పోయిన నవంబరు ఇరవై ఒకటిన పోయింది, ఆ రోజు కార్తీక బహుళ షష్ఠి. పోయినవాళ్ల ఏడాదిని ఎవరూ ఇంగ్లీషు తేదీకి పెట్టరు, తిథికి పెడతారు, తిథి ఈ ఏడు పదకొండు రోజులు ముందే వస్తుంది. ఊరి బడిలో పది చదివిన బిక్షమయ్యకు ఇది తెలుసు, పెద్ద చదువు చదివిన కూతురికి తెలియదు. వంటింటి గోడకున్న తెలుగు క్యాలెండరును సెప్టెంబరులో ఒక ఆదివారం కిందికి దించి, బండల మీద బోర్లా పడుకుని, నవంబరు కాగితం మీద ఎర్ర పెన్నుతో ప్రయాణమంతా గీసింది. ఐదు, పౌర్ణమి, ఎట్లాగూ సెలవే. ఆరు, ఏడు సెలవు పెట్టాలి. ఎనిమిది, తొమ్మిది శనాదివారాలు. పది నుంచి పద్నాలుగు దాకా పెట్టాలి. మళ్లీ శనాదివారాలు. ఏడు పెడితే పన్నెండు ఒస్తున్నయి నాయినా అని, అంగడిలో బేరం గెలిచిన మనిషిలా తల ఎత్తి చూసింది. ఆ తర్వాత ఇరవై ఒకటి చుట్టూ సున్నా చుట్టి లోపల అమ్మ అని రాసింది. బిక్షమయ్య వెనక నిలబడి చూస్తున్నాడు. పదో తేదీ గడిలో, ఆమె గీసిన ఎర్ర గీత కిందే, చీమ తలకాయలంత అక్షరాల్లో షష్ఠి అని అచ్చు వేసి ఉంది. వేలు పెట్టి చూపిస్తే సరిపోయేది. వేలు లేచింది కూడా. దించాడు. గియ్యనీ అనుకున్నాడు. టికెట్లు కొననీ, స్నేహితులతో మాట కలుపుకోనీ, సెలవు కాగితం మీద పైవాడి సంతకం పడనీ. ఆఖరు గంటలో, బస్సు మెట్టు మీద కాలు పెట్టినప్పుడు చెబుతా. పోతే ఆ మాట కాలిలో ముల్లులా పెట్టుకుని కొండలెక్కుతుంది. పోకపోతే ఇంట్లో ఉంటుంది. ఏదైనా సరే.

ఈ గంట కోసమే రెండు నెలలు ఓపిక పట్టాడు. వచ్చేసరికి గంట వేరేగా ఉంది. పైన రైలు వచ్చి ఆగినప్పుడల్లా మెట్ల నిండా జనం దిగుతున్నారు, వాళ్లలో సంతోషి లేదు. విజయవాడ రోడ్డు మీద బస్సుల తలుపులు పట్టుకుని కండక్టర్లు సూర్యాపేట, కోదాడ అని కేకలేస్తున్నారు. పౌర్ణమి కావడం వల్ల ఆడవాళ్లు పళ్లేల్లో మూడువందల అరవై ఐదు వత్తుల కట్టలు, ఉసిరికాయలు పెట్టుకుని పోతున్నారు, కొంగు చాటు చేసి మరీ, ఇంకా వెలిగించని వత్తులకు గాలి తగులుతుందన్నట్టు. ఈ ఏడంతా అతని ఇంట్లో దీపం లేదు, పండుగ లేదు. యాదలక్ష్మి ఉంటే ఈపాటికి సరూర్‌నగర్ చెరువు గట్టు మీద చోటు కోసం ఎవరితోనో గొడవ పడుతూ ఉండేది. ఆమె గొంతు పెద్దది. అంత పెద్ద గొంతు పెట్టుకుని ఒక్క సంగతి ఎంత చప్పుడు లేకుండా దాచింది. పొద్దున బీరువాలో ఆమె వైపు తలుపు ఏడాది తర్వాత తెరిచాడు. సంతోషి చెప్పినట్టే చీరల కింద మిఠాయి డబ్బా ఉంది, డబ్బాలో రబ్బరు బ్యాండు వేసి పాస్‌పోర్టు ఉంది. ఒకటి అనుకుని తీశాడు. రెండు. రెండోది విప్పితే యాదలక్ష్మి. పెద్ద బొట్టు, నూనె పెట్టి బిగించి దువ్విన తల, నవ్వొద్దని ఎవరో చెబితే నవ్వును బలవంతంగా మింగిన మొహం. చివరి పేజీలో భర్త పేరు దగ్గర తన పేరే ఉంది, ఇంగ్లీషు అక్షరాల్లో, తప్పు లేకుండా. పోవడానికి రెండు నెలల ముందు తీసింది. ఇంకా దాదాపు తొమ్మిదేళ్లు చెల్లుతుంది. మనిషి పోయి ఏడాది, కాగితం తొమ్మిదేళ్లు చెల్లుతుంది. ఇరవై ఎనిమిదేళ్లు ఒక పళ్లెంలో తిన్న మనిషి, తన పేరు రాయించి, తనకు చెప్పకుండా. దాన్ని అక్కడే పెట్టి రావలసింది. ఎందుకు జేబులో వేసుకున్నాడో తెలియదు. వేసుకున్నాడు.

ఇది యాదలక్ష్మి ఒక్కతే చేసిన పని కాదని ఆటోలో వస్తూ తేలింది. పైవాటాలో అద్దెకుండే హనుమాయమ్మ, గుంటూరు వైపు మనిషి, చెల్లెలి ఇంటికి బెజవాడ పోతూ అదే ఆటో ఎక్కింది. పాస్‌పోర్టుకు పోలీసులు ఇంటికొచ్చి విచారించి పోతారు కదా, మన గల్లీకి వచ్చిన కానిస్టేబుల్ మంచివాడు, చాయ్ కూడా వద్దన్నాడు అని మాటల్లో మాటగా అనేసి, నాలుక కరుచుకుని బయటికి చూసింది. ఇప్పుడు నాలుగు అడుగుల అవతల సంచి మీద కూర్చుని, విసనకర్రలా మడిచిన పేపరుతో విసురుకుంటోంది. ఎండలో నిలబడకపోతే ఇటు నీడకి రాకూడదా అని రెండుసార్లు పిలిచింది. రెండోసారి అతను ఆమె వైపు తిరిగాడు.

“పోలీసాయన ఒచ్చిననాడు సంతకం నువ్వే పెట్టినవా?”

ఏ సంతకమని ఆమె అడగలేదు. “నేనూ, కింద కుట్టుమిషనావిడా. ఇద్దరు సాక్షులు కావాలన్నాడు.”

“అంటే గల్లీకంత ఎరుక.”

“గల్లీకంతా ఏం కాదు. ఓ నాలుగిళ్లకి.”

“నాకెందుకు చెప్పలే?”

“చెప్పొద్దంది. పసుపుకొమ్ము చేతిలో పెట్టి ఒట్టేయించుకుంది.” పేపరు విసరడం ఆపింది. “అయినా చెబితే ఏమనేవారు అన్నయ్యగారూ? సెలవు లేదనేవారు. ఆవిడ మిమ్మల్ని సెలవు అడగలేదు కదా, తను వెళ్తానంది.”

బిక్షమయ్యకు చెంప మీద ఎవరో చల్లటి చెయ్యి వేసినట్టయింది. ఆడదాన్ని ఏమంటాడు, అందులోనూ కిరాయికున్న మనిషిని. బెజవాడ బస్సు వచ్చింది. హనుమాయమ్మ సంచి ఎత్తుకుని, రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, పిల్లను కాస్త నవ్వుతూ పంపండి, మీరు మూతి అలా పెట్టుకుంటే ఆ విమానం నేల మీంచి లేవదు అనేసి ఎక్కేసింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. అతను ఊపలేదు.

సెలవు లేదు. ఆ రెండు మాటలూ అతనివే, ఎవరూ అంటగట్టలేదు. చౌటుప్పల్ దారిలో మందుల కంపెనీలో బాయిలర్ ఆపరేటరు, ముప్పై ఏళ్లుగా. బాయిలరు మనిషి లేకుండా ఒక్క పూట నడవదు. గాజు గొట్టంలో నీళ్లు ఎక్కడున్నాయో చూస్తుండాలి, ముల్లు ఎంత చూపిస్తోందో చూస్తుండాలి, ఏ మోతకు లేవాలో ఏ మోతకు కూర్చోవాలో చెవికి తెలిసి ఉండాలి. ఏడాదికి పద్దెనిమిది సెలవులు. బదులు చూడ్డానికి ధర్మేందర్ ఉన్నాడు, పని తెలిసినవాడే, కానీ వాడి చేతికి బాయిలరు ఇస్తే బిక్షమయ్యకు అన్నం దిగేది కాదు. ఒకసారి రెండు రోజులకు ఇచ్చి వచ్చేసరికి నూనె గుడ్డ తాను పెట్టే కొక్కేనికి లేదు, అంతే, ఆ తర్వాత ఇవ్వలేదు. ఏడాదంతా నాగా లేకుండా వచ్చినవాళ్లకు కంపెనీ స్టీలు టిఫిను క్యారేజీ బహుమతి ఇస్తుంది, దాని మీద పేరు చెక్కించి. అలాంటివి ఇంట్లో ఆరున్నాయి. వాటిలోనే యాదలక్ష్మి అతనికి సద్ది కట్టేది. ఏడో క్యారేజీకి కూడా పేరు చెక్కించి ఉంచారట, ఆమె దవాఖానలో పడ్డందుకు ఆ ఏడు తప్పిపోయింది. ఆ సంగతి చెప్పిన సూపర్‌వైజరు నవ్వాడు. బిక్షమయ్యకు అప్పుడు, ఆ ఒక్క నిమిషం, నిజంగానే బాధ కలిగింది, క్యారేజీ కోసం. ఈ ముక్క ఇంతవరకూ తనకు తాను కూడా చెప్పుకోలేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఏటా ఒక యాత్ర బస్సు బయలుదేరుతుంది, కాశీ, గయ, అక్కణ్నుంచి నేపాల్, పద్నాలుగు రోజులు. యాదలక్ష్మి మొదటిసారి అడిగినప్పుడు సంతోషి ఇంటరు. రెండోసారి అడిగినప్పుడు కంపెనీలో పెద్ద ఆర్డరు. మూడోసారి కరపత్రం తెచ్చి, అన్నం తింటున్నప్పుడు పళ్లెం పక్కన పెట్టి, నేపాల్ల మంచుకొండ కాడ ఒక పూట ఆపుతరంట, ఒక్కసారి సూసొద్దాం పా అయ్యా అంది. సెలవు లేదు అన్నాడు. ఆ డిసెంబరులో అతని సెలవులు పదిహేడు రద్దయ్యాయి. ఏటా అన్నో ఇన్నో రద్దవుతూనే ఉండేవి. ఆ మాట ధర్మేందర్ తన చెల్లెలి పెళ్లిలో, విస్తళ్ల దగ్గర, పొగడ్తగా యాదలక్ష్మికి చెప్పాడు. మా అన్న అసుంటి మనిషి కంపెనీల లేడు వదినా, ఉన్న సెలవు కూడ వాడడు అని. ఆమె వడ్డించేవాణ్ని ఆపి నీళ్లడిగింది. నాలుగో ఏడు కరపత్రం తేలేదు. అడగడం మానేస్తే బుద్ధి వచ్చిందనుకున్నాడు.

బుద్ధి ఎటు వచ్చిందో ఇప్పుడు జేబులో బరువు తెలుస్తోంది. తల్లీ కూతురూ కలిసి ఈ పని ఎప్పుడు మొదలుపెట్టారు? ఆదివారాలు సంతోషి ఇంటికి వస్తే తల్లీకూతుళ్లు ఒకే దుప్పటిలో దూరి ఫోన్‌లో వీడియోలు చూసేవారు. పచ్చటి కొండలు, కొండల నడుమ పాములా రోడ్డు, ఆ రోడ్డు మీద ఆడపిల్లలు బండ్లు తోలుకుంటూ పోతుంటారు, వెనక సంచి, నెత్తిన డొప్ప. ఎవర్తే ఆ పిల్ల, ఆమె మొగుడేడి అని యాదలక్ష్మి అడిగేది. మొగుడు ఇంట్ల బువ్వొండుతుండు అని సంతోషి అనేది. ఇద్దరూ మంచం కదిలేట్టు నవ్వేవారు. బిక్షమయ్య గోడ వైపు తిరిగి పడుకునేవాడు, రాత్రి షిఫ్టు ఉందని గసిరేవాడు. నలభై ఆరేళ్లకు స్కూటీ నేర్చుకుంది, స్టేడియం వెనక రోడ్డు మీద, కూతురు వెనక సీటు పట్టుకుని ఉరుకుతుంటే. మోకాలు పగిలింది. వయసుకు తగ్గ పని చెయ్యమని తాళంచెవి తీసి లోజేబులో వేసుకున్నాడు. ఆమె మూడో రోజున ఇంకో తాళంచెవి చేయించుకుంది. ఆ సంగతి కూడా తర్వాత తెలిసింది. అన్నీ అతనికి తర్వాతే తెలుస్తాయి. మెదడులో నరం చిట్లిందని డాక్టరు చెప్పిన సంగతి కూడా ముందు కూతురికి తెలిసి, తర్వాత అతనికి తెలిసింది. తొమ్మిది రోజులు దవాఖానలో, ఈ రోడ్డుకు అవతలే. పగలు అతను, రాత్రి సంతోషి. రాత్రంతా ఆ వరండా కుర్చీలో మోకాళ్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేది, తెర వెలుగు మొహం మీద నీలంగా పడేది, పొద్దున అతను వచ్చేసరికి కళ్లు చింతనిప్పుల్లా ఉండేవి, అటు నుంచి అటే ఆఫీసుకు పోయేది. తొమ్మిది రాత్రులూ వచ్చింది. అయితే ఏం. పగలు రాలేదు. ప్రాణం పగలు పోయింది. పొద్దున పది గంటలకు, నర్సు వచ్చి తెర లాగినప్పుడు, ఆ పిల్ల హైటెక్ సిటీలో ఉంది. సెలవు పెట్టమన్నాడు, ఐదో రోజునే అన్నాడు. పెట్టలేను నాయినా అంది. ఎందుకని అడిగితే నేల చూసింది. నేల చూసే మనిషి దగ్గర జవాబు ఉండదని బిక్షమయ్య అప్పుడే తేల్చుకున్నాడు.

మెట్ల మీద నుంచి సంతోషి దిగుతోంది. వీపు మీద తన నడుమంత సంచి, మెడలో చిన్న సంచి, ఎండకు మొహం కందింది. పక్కన మృదుల, దిల్‌సుఖ్‌నగర్ పిల్ల, కంప్యూటర్ కోచింగులో ఇద్దరూ ఒక బెంచీ, వాళ్లవాళ్లు ఏలూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్లయినా మాట మారలేదు. సంతోషి దగ్గరికి వచ్చి, ఏమైన తిన్నవా నాయినా అంది. తిన్నా అన్నాడు, తినలేదు. మృదుల నమస్కారం పెట్టి, పెట్టిన చేతులతోనే ఫిర్యాదు మొదలెట్టింది.

“మీరైనా చెప్పండి అంకుల్ దీనికి. మొదట మూడు దేశాలు అనుకున్నాం. మేం నలుగురం కంబోడియా కూడా చూసుకుని పంతొమ్మిదికి వస్తున్నాం. ఇదొక్కతీ లావోస్ నించి వెనక్కి వచ్చేస్తుందట. ఆ గుళ్లు చూడాలని రెండేళ్ల నించి నా ప్రాణం తీసింది ఇదే.”

“నువ్వు ఊకో మృదులా.” సంతోషి చెయ్యి చాపింది. “ఏది నాయినా, ఇయ్యి.”

లోజేబులో చెయ్యి పెట్టాడు. రబ్బరు బ్యాండు పొద్దున్నే తీసేశాడు, రెండూ విడివిడిగా ఉన్నాయి, చేతికి తగిలింది తీసి ఇచ్చాడు. సంతోషి అలవాటుగా విప్పి చూసుకుంది. ఆమె మొహంలో జరిగింది చూసి బిక్షమయ్యకు తెలిసిపోయింది, ఇచ్చింది యాదలక్ష్మిదని. మృదుల పక్కకు తొంగి చూసి, సంచి సర్దుకునే మిష మీద నాలుగడుగులు అవతలికి పోయింది. బస్సు ఇంకా రాలేదు. పైన రైలు కదిలిన చప్పుడుకు మెట్లు అదిరాయి. సంతోషి తల్లి ఫొటో మీద బొటనవేలు పెట్టి తుడిచింది, అక్కడ ఏ మరకా లేదు.

“నేనే తోల్కపోయిన పాస్‌పోర్టు ఆఫీసుకు,” అంది. “ఫొటో దిగేటప్పుడు నవ్వొద్దంటే ఆగలే. మూడుసార్లు తీసిన్రు.”

“నాకు చెప్పలే.”

“చెప్పలే.” తల ఎత్తలేదు. “నువ్వు సెలవు పెట్టుమన్నవు గదా నాయినా, అమ్మ దవాఖానల ఉన్నప్పుడు. పద్నాలుగుండె నా దగ్గర. అమ్మనే ఒద్దన్నది. రెండో దినం, ఇంక మాట ఉన్నప్పుడు. నీ సెలవులు తక్కువున్నయి, ఈడ ఒడగొట్టకు, నేను లేచినంక ఇద్దరం పోయేటియి అన్నది. అమ్మ పోయినంక కూడ పెట్ట బుద్ధి కాలే. పెడితే ఇగ అయిపోయినట్టే గదా. అండ్ల తొమ్మిది ఈ యేడుకు కలిపిన్రు. ఇప్పుడు పెడుతున్నయి గవ్వే. ఏడు దినాలు ఆ కొండలకు. ఇరవై, ఇరవై ఒకటి తారీకులు అమ్మకు. అందుకే కంబోడియ ఇడిసిన.”

ఇంత పొడుగు మాట ఆ పిల్ల అతనితో ఎప్పుడూ మాట్లాడలేదు. బిక్షమయ్య నోట్లో సోమవారం ఉంది. రెండు నెలలు నమిలి నమిలి పదును పెట్టిన మాట, నాలుక కొసకు వచ్చి కూర్చుంది, ఒక్క ఊపిరి విడిస్తే బయట పడుతుంది. పడితే ఏమవుతుందో అతనికి స్పష్టంగా కనిపించింది. ఈ సంచి ఇక్కడే దిగుతుంది. ఏడుపు, గోల ఏమీ ఉండవు, ఆ నేలను చూస్తుంది ఒకసారి, మృదులతో నాలుగు మాటలు మాట్లాడుతుంది, అతని వెంట ఇంటికి వస్తుంది. సోమవారం పక్కన కూర్చుని దర్భలు అందిస్తుంది. తల్లి దాచమన్న తొమ్మిది సెలవులూ అతని చేతి మీదుగా రద్దవుతాయి. అతను కోరుకున్నది అదే, దానికోసమే ఎండలో నిలబడ్డాడు. కోపం పోలేదు. ఇంకా పెరిగింది, కానీ ఇంతసేపూ పిల్ల మీదికి ఎగదోసిన కోపం ఆ పిల్ల దగ్గర పట్టడం లేదు, చాలినంత చోటు అక్కడ లేదు. యాదలక్ష్మి మీదికి తిప్పాడు. మొండి మనిషి, చచ్చేటప్పుడు కూడా లెక్కలేసుకుంది, అన్నం పళ్లెం పక్కన నాలుగోసారి ఆ కరపత్రం పెట్టి ఉంటే ఏం పోయేది. సెలవు లేదనేవాడు. నాలుగోసారీ అదే అనేవాడు. ఆ సంగతి అతనికన్నా ఆమెకు ముందు తెలుసు.

బస్సు వచ్చి ఆగింది. జేబులోంచి రెండోది తీసి ఇచ్చాడు. సంతోషి దాన్ని మెడలో సంచిలో పెట్టుకుని, తల్లిదాన్ని చేతిలోనే పట్టుకుని అతని వైపు చూసింది, అడగనా మాననా అన్నట్టు. తీసుకపో అన్నట్టు అతను గడ్డం కదిలించాడు. అదీ లోపల పెట్టుకుంది. మృదుల అప్పటికే ఎక్కి కిటికీ పక్క సీటు పట్టింది. సంతోషి మెట్టు మీద కాలు పెట్టి ఆగింది, సరిగ్గా అతను అనుకున్న చోటే.

“ఏమన్న చెప్పెటిదుందా నాయినా? పొద్దుగాల ఫోన్ల ఏదో చెప్పాలె, ఒచ్చినంక చెప్త అన్నవు.”

“ఏం లేదు,” అన్నాడు బిక్షమయ్య. “ఘాట్‌ల బండి మెల్లగ తోలు. ముందు బ్రేకు పట్టకు.”

తలుపు మూసుకుంది. బస్సు సాగర్ రింగు రోడ్డు వైపు తిరిగి, లారీల మధ్య దూరి, కనిపించకుండా పోయేదాకా అతను చూడలేదు, ముందే వెనక్కి తిరిగాడు. ఒంటి మీద చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. ఆ స్తంభానికి ఇప్పుడు ఆనుకున్నాడు. ఫోన్ తీసి సైదాబాద్‌లో ఉండే శ్రీరామమూర్తి పంతులుకు చేశాడు. ఆయన పౌర్ణమి పూజల్లో తలమునకలై ఉన్నాడు, వెనక గంటలు వినిపిస్తున్నాయి. సోమవారం పొద్దున తానొక్కడే వస్తానన్నాడు బిక్షమయ్య, కంపెనీలో సెలవు పెడతానన్నాడు. మళ్లీ ఇరవై ఒకటిన ఇంటికి వచ్చి, కూతురి ముందర, అదే ఏడాది అన్నట్టు మొత్తం మళ్లీ చేయించాలన్నాడు. పంతులు గంటలను దాటేట్టు గొంతు పెంచి, ఒక మనిషికి ఏడాది ఒక్కసారే వస్తుంది బిక్షమయ్యా, రెండుసార్లు పెట్టమని ఏ శాస్త్రంలో ఉంది, ఆ అమ్మాయికి తిథి తెలియకపోతే నేను చెబుతాను, ఫోన్ నంబరు ఇవ్వు అన్నాడు.

“నంబరు ఇయ్య. సోమారం పేరు నీ నోట రావద్దు అయ్యగారూ. నా నోట ఇదే ఆఖరు.”

పంతులు ఇంకా ఏదో అంటున్నాడు. బిక్షమయ్య ఫోన్ పెట్టేశాడు. ఆ మాట ప్రకారమే ఉన్నాడు. ఇరవై ఒకటి సాయంత్రం, పంతులు ఏడాది పెట్టించి పోయాక సంతోషి అడిగినా, తర్వాత ఏళ్ల మీద ఏళ్లు హనుమాయమ్మ తిప్పి తిప్పి అడిగినా, ఆ సోమవారం ఎక్కడికి పోయాడో, ఎందుకు సెలవు పెట్టాడో, ఆ రోజు బస్టాపులో ఏ మాట మింగాడో, మళ్లీ ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు.